మామయ్య సొమ్మా, దోస్తు కష్టమా?

ప్రశ్న: మాది నల్లగొండ దగ్గర ఊరు. బీకాం అయిపోయింది. రైతుల దగ్గర బత్తాయి కొని హైదరాబాద్‌కు పంపే వ్యాపారం పెడదామనుకుంటున్నాను. వరుసకు మామయ్య అయ్యే ఒకాయన పది లక్షలు పెడతాను, కష్టం నీది, సగం సగం అంటున్నారు. నా క్లాస్‌మేట్ దగ్గర డబ్బు లేదు కానీ బాగా తిరుగుతాడు. ఎవరిని పార్ట్‌నర్‌గా తీసుకోవాలి?

జవాబు: తమ్ముడూ, సగం సగం అన్నది లాభంలోనా, నష్టంలో కూడానా? ఆ పది లక్షలు పెట్టుబడా, అప్పా? ముందు మామయ్యను ఈ రెండూ అడుగు. లాభమొస్తే పెట్టుబడి, నష్టమొస్తే అప్పు అనేవాళ్లను నేను చాలామందిని చూశాను. అడిగితే ఆయనకు కోపమొచ్చిందనుకో, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిదే.

1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు అందరికీ సమానం. తెల్లవారకముందే తోటకు పోయి కాయ తెంపించి, లారీ ఎక్కించే నీకు విడిగా జీతం రాదు, రాసుకుంటే తప్ప. అసలు భయపడాల్సింది ఇంకొకటి ఉంది. సంస్థ వ్యాపారం కోసం ఒకరు చేసిన అప్పుకు మిగతా భాగస్వాములు కూడా పూర్తి బాధ్యులే. అంటే ఆయన చేసిన బాకీ నీ పేరు మీదున్న ఆస్తి దాకా రావచ్చు. ఎల్ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థ పెడితే ఆ బాధ్యత పెట్టిన వాటా వరకే. అయినా ఒక్క కాపు కూడా చూడని వ్యాపారానికి అది పెట్టే ఖర్చు ఇప్పుడే వద్దు.

మామయ్య గురించి బంధువులను అడగకు, వాళ్లు మంచే చెప్తారు. ఆయన ఇదివరకు కాయల వ్యాపారం చేసి ఉంటే, ఆయనకు కాయ అమ్మిన రైతులను, ఆయన సరుకు మోసిన లారీ డ్రైవర్‌ను అడుగు. చెప్పిన రోజుకు డబ్బులిచ్చాడా, కాటా దగ్గర పేచీ పెట్టాడా, టన్నుకు సూట్, అంటే తూకంలో తరుగు ఎంత తీశాడు? ఇదివరకు పార్ట్‌నర్ ఉంటే ఎందుకు విడిపోయారో ఆ రెండో మనిషి నోట విను. ఆయనకు జీఎస్టీ నంబర్ ఉంటే రిటర్న్‌లు వేస్తున్నాడో లేదో పోర్టల్‌లో కనిపిస్తుంది. కోర్టు కేసులుంటే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు.

క్లాస్‌మేట్ గురించి ఇట్లా అడిగి తెలుసుకోలేం. చిన్నప్పటి దోస్తుతో నేనూ ఒకసారి జిరాక్స్ షాపు పెట్టాను. మనిషి బంగారం. కానీ గల్లాలోంచి తీసిన డబ్బు ఏనాడూ రాయలేదు, నేను అడగలేదు. ఏడాదికి షాపు మూతబడింది, మాటలు బందయ్యాయి. తప్పు సగం నాదే.

అందుకే ఈ కాపుకు ఇద్దరినీ పార్ట్‌నర్లుగా తీసుకోకు. డబ్బు ఇచ్చినవాళ్లంతా పార్ట్‌నర్లు కానక్కర్లేదు కదా. మామయ్య దగ్గర పది కాదు, రెండు లక్షలే అప్పుగా తీసుకో. వడ్డీ, గడువు రాసి నోటు ఇవ్వు. నష్టమొచ్చినా తీర్చగలిగేంతే ముట్టుకో. క్లాస్‌మేట్‌తో నాలుగైదు లోడ్లు చెయ్, లోడుకు ఇంత అని ముందే మాట్లాడుకో. రేటు పడిపోయిన రోజు అతను ఫోన్ ఎత్తుతాడా? కూలి, కిరాయి, డీజిల్ చీటీలు అడగకుండానే తెచ్చి ముందు పెడతాడా? అది చూడు.

కాపు అయ్యాక కుదురుతుందనిపిస్తే అప్పుడు డీడ్, అంటే భాగస్వామ్య ఒప్పంద పత్రం రాసుకోండి. వాటాలు, జీతం, బ్యాంకులో ఇద్దరి సంతకాలు, విడిపోతే లెక్క ఎట్లా అన్నవన్నీ అందులో ఉండాలి. సంస్థను రిజిస్టర్ కూడా చేయించండి. లేకపోతే హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌లో ఉద్దెరకు సరుకు తీసుకున్న వ్యాపారి డబ్బులు ఎగ్గొట్టినా, సంస్థ పేరుతో సాధారణంగా కోర్టులో దావా వేయలేరు.