నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 70 కిలోలు, ఆఫీసులో కూర్చునే ఉద్యోగం. బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చూసే లెక్క) 24.2 వచ్చింది, యాప్ నార్మల్ అంటోంది, డాక్టర్ ఓవర్ వెయిట్ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

డాక్టర్ మాటే వినండి. మీరు చెప్పిన 5 అడుగుల 7 అంగుళాలకి 70 కిలోలంటే 24.2 కరెక్టే, కాకపోతే ఆ యాప్ చూపించేది ప్రపంచం మొత్తానికీ పెట్టిన గీత, అందులో 25 లోపు ఉంటే నార్మల్. మనవాళ్ళకి 2009లో మన డాక్టర్లే కూర్చుని వేరే లెక్క పెట్టారు, 23 దాటితే ఓవర్ వెయిట్, 25 దాటితే ఒబేసిటీ. ఎందుకంటే అదే బీఎంఐలో తెల్లవాళ్ళకన్నా మనకి కండ తక్కువ కొవ్వు ఎక్కువ, అదీ పొట్టలోనే తిష్ట వేస్తుంది. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ గారు, ఇంగ్లాండులో యుడ్కిన్ అని ఇంకో డాక్టరు కలిసి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వేశారు, ఇద్దరి బీఎంఐ 22.3యే, తెల్లాయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనాయన ఒంట్లో 21.2!

అసలు నన్నడిగితే పొట్ట చుట్టుకొలత తీసే టేపు ముందు ఈ బీఎంఐ దేనికీ పనికిరాదు. దీన్ని మొదలెట్టిన కెట్లే అనే బెల్జియం ఆయన డాక్టరే కాదు, 1830ల్లో జనం సగటు ఎలా ఉందో చూడ్డానికి వేసుకున్న లెక్క అది, ఒక మనిషి ఆరోగ్యం తేల్చడానికి కాదు.

మా మావయ్య సంగతి చెప్తా. సన్నగా రివటలా ఉంటాడు, చేతులు కాళ్ళు పుల్లలే, 62 కిలోలు, బీఎంఐ 22. పెళ్ళిళ్ళలో ఎవరు కాస్త ఒళ్ళు చేసినా "ఏంట్రా ఆ పొట్ట, నన్ను చూడు" అని పదిమందిలో పట్టుకుని వాయించేవాడు. మా అపార్ట్‌మెంట్‌లో ఫ్రీ హెల్త్ క్యాంప్ పెడితే ముందు లైన్లో నిలబడ్డాడు. బరువు మిషన్ దిగి మా అందరి వంకా ఒక చూపు చూశాడు చూడండి, ఎలక్షన్లో గెలిచినట్టే. అప్పుడు ఆ నర్సమ్మాయి టేపు తీసింది. మావయ్య "నా ప్యాంటు సైజు 34 అమ్మా, రాసేసుకో" అన్నాడు. ఆ పిల్ల వినదే, బెల్టు దగ్గర కాదు అంకుల్ అని, కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో టేపు చుట్టింది. ఈయన గట్టిగా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగేశాడు. "వదలండి అంకుల్" అంటే వదలడు, మొహం ఎర్రబడిపోతోంది, మా అత్తయ్య వెనకనించి "వదలండి, ఎంతసేపు దాస్తారు" అంది. వదిలితే 93 సెంటీమీటర్లు. మగవాళ్ళకి 90 దాటకూడదు, ఆడవాళ్ళకి 80. ఆ టేపు పాడైపోయిందని కాసేపు గొడవపడ్డాడు కూడా. మర్నాడు రక్తం రిపోర్టులో మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 7.8, అంటే షుగర్ జబ్బు ఉన్నట్టే, అప్పటిదాకా ఒక్క టాబ్లెట్ వేసుకోని మనిషికి.

ప్యాంటు సైజు నమ్మేవాళ్ళందరూ ఇంతే, పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు కిందకి జారుతుందే గానీ సైజు మారదు కదా!

ఇంకోటి, మన చుట్టాలు. కొంచెం తగ్గితే "ఏమైంది, షుగరా? చిక్కిపోయావ్" అంటారు, కొంచెం పెరిగితే ఇంట్లో అందరి ముందూ అంటారు, మళ్ళీ వాళ్ళే ఇంకో గరిటె అన్నం వేస్తారు, వద్దంటే అలుగుతారు. సెంటీమీటర్లలో ఎత్తులోంచి వంద తీసేస్తే వచ్చేదే సరైన బరువు అని ఇంకో పెద్దమనిషి లెక్క ఒకటి, ఆ లెక్కన మీ 170కి 70 దివ్యంగా సరిపోతుంది, అందుకే మనవాళ్ళకి ఆ లెక్క అంత ఇష్టం.

మీ ఎత్తుకి 23 లోపు అంటే 66 కిలోలు, నాలుగు కిలోలు తగ్గాలి, అదేం పెద్ద విషయం కాదు. జిమ్ముకెళ్ళి కండ పెంచిన మనిషైతే 24 పట్టించుకోనక్కర్లేదు, మీరు ఆఫీసులో కూర్చునే ఉద్యోగం అని రాశారు కాబట్టి మీకు ఆ మినహాయింపు లేదు. ముందు టైలర్ టేపు ఒకటి కొనుక్కుని పొద్దున్నే టిఫిన్‌కి ముందు, ఊపిరి మామూలుగా వదిలి కొలవండి, ఎత్తులో సగం అంటే 85 లోపుంటే హాయిగా ఉండండి. 90 దాటితే మాత్రం షుగర్, కొలెస్ట్రాల్ రెండూ చేయించి రాత్రి పూట అన్నం తగ్గించండి. ఈలోపు బరువు తగ్గిస్తుందంటూ షేక్ పౌడర్ డబ్బాతో ఎవరైనా తెలిసినవాళ్ళు ఇంటికొస్తే కాఫీ ఇచ్చి పంపించేయండి, డబ్బా మాత్రం తీసుకోకండి.