నీళ్ళు పైన ఉంటాయమ్మా

అమ్మా శైలూ,

నువ్వు టెక్సాస్‌లో రైలు పట్టాల కింద వేసే చెక్క దుంగలకు క్రియోసోట్, అదే బొగ్గు తారు నుంచి తీసే నల్ల నూనె, పట్టించే ప్లాంటులో చేరుతున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోను చేసి చెప్పింది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఆ పనిలోకి వెళ్తున్నది నువ్వేనని గర్వంగా ఉంది. ఆ పని ఎలాంటిదో తెలుసు కాబట్టి భయంగానూ ఉంది. ఒప్పుకునే ముందు నాతో ఒక్క మాట అనకూడదా? పన్నెండేళ్ళు ఆ వాసనలోనే బతికినవాణ్ణి కదా!

చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా యార్డులోకి వెళ్ళకు. ‘ఇక్కడ మనుషులున్నారు, వ్యాగన్ కదపొద్దు’ అని చెప్పే నీలి జెండా పట్టాల మీద పెట్టించందే ట్యాంకు వ్యాగన్ నిచ్చెన ఎక్కకు. ఖాళీ ట్యాంకే కదా అని లోపలికి తల పెట్టకు. ముందు గాలి పరీక్ష జరగాలి, అనుమతి కాగితం చేతిలో ఉండాలి. క్రియోసోట్ తగిలిన చర్మం మీద ఎండ పడితే నిప్పు సోకినట్టు మండుతుంది. ఒక వేసవిలో నా మెడ వెనక చర్మం పొరలుగా ఊడింది. పడుకోలేక కుర్చీలోనే తెల్లవార్లూ కూర్చుంటే మీ అత్తయ్య పక్కనే కూర్చుంది. అందుకే మెడకు గుడ్డ కట్టుకో. పని బట్టలు ఇంటికి తేవద్దు, అక్కడే మార్చుకో.

పని మాత్రం గొప్పదమ్మా. 1838లో ఇంగ్లండులో జాన్ బెథెల్ పేటెంటు తీసుకున్న పద్ధతే దీనికి మూలం. దుంగలను పెద్ద ఉక్కు సిలిండర్‌లో పెట్టి, గాలి లాగేసి, వేడి క్రియోసోట్‌ను ఒత్తిడితో ఎక్కిస్తారు. ఏ మందూ పట్టించకపోతే కొన్నేళ్ళకే పుచ్చిపోయే దుంగ, ఇలా చేస్తే దశాబ్దాలు రైళ్ళ బరువు మోస్తుంది. చిన్నప్పుడు విజయవాడలో పట్టాల పక్క నడుస్తుంటే ఎండకు చెక్క స్లీపర్ల నుంచి వచ్చే తారు వాసన నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక నేను అసలు రాయాలనుకున్నది ఇది.

1986 జనవరి. చలికి ట్యాంకు వ్యాగన్‌లో సరుకు చిక్కబడి, నాఫ్తలీన్ పలుకులు కట్టింది. రాత్రంతా లోపలి గొట్టాల్లోకి ఆవిరి పంపి కరిగించాం. దించే ముందు నీళ్ళున్నాయో లేదో చూడాలి. నేను అడుగు వాల్వు కొద్దిగా తిప్పి సీసాలోకి పట్టాను. నల్లగా, నిగనిగలాడుతూ వచ్చింది. నీటి చుక్క లేదు. పుస్తకంలో సంతకం పెట్టేశాను.

నాతో పనిచేసే పెద్దాయన, ఆ ప్లాంటులోనే జుట్టు నెరిసిన నల్లజాతి కార్మికుడు, ‘పైనుంచి తీశావా?’ అని అడిగాడు. అవసరం లేదన్నాను. నువ్వు నేను పుట్టి పెరిగిన ఇళ్ళల్లో నూనె నీళ్ళ మీద తేలుతుంది. దీపపు కుందెలోనూ అంతే, పులుసులోనూ అంతే. నీళ్ళుంటే అడుగునే ఉంటాయని నా చేతులకు తెలుసు. కానీ క్రియోసోట్ నీటికంటే బరువైనది. నీళ్ళు పైన చేరతాయి. కెమికల్ ఇంజనీరింగ్ పట్టా ఉన్నవాణ్ణి, ఆ సాంద్రత అంకె పరీక్షలో రాసినవాణ్ణి, నిచ్చెన ఎక్కడానికి బద్ధకించాను.

ఆ ఆవిరి గొట్టానికి ఎక్కడో చిల్లు ఉంది. రాత్రంతా నీరు లోపలికి కారి పైన చేరింది. పంపు మొదట మంచి సరుకే లాగింది. అందుకే గంటసేపు ఏమీ కాలేదు. చివరికి ఆ నీళ్ళు, మేం సరుకు దించుతున్న ప్లాంటు పెద్ద ట్యాంకు అడుగుకు చేరాయి. అందులో సరుకు నీరు మరిగే వేడి దాటి ఉంది. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. ముందు ట్యాంకులోంచి గుడగుడమని చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు ఏమిటో ఆయనకు తెలుసు, నాకు తెలియదు. నా భుజం పట్టి వెనక్కి లాగాడు. మరుక్షణం పై కంతలోంచి నల్లటి నురగ పొంగి గోడల వెంట జారింది. నన్ను లాగిన ఆ చేయే మోచేతి దాకా కాలింది.

ఆసుపత్రిలో నేను ఏడుస్తుంటే ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మూడు వారాల తర్వాత కట్టుతోనే వచ్చి నన్ను నిచ్చెన ఎక్కించాడు. తాడు కట్టిన బరువు సీసాను మూత పెట్టి దింపడం, కావలసిన లోతులో తాడు గుంజి బిరడా ఊడదీయడం నేర్పాడు. పైన ఒకటి, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి. అప్పటి నుంచి ఆ మూడు సీసాలూ చూడకుండా నేను ఒక్క వాల్వూ తిప్పలేదు.

ఇప్పుడు మీటర్లు వచ్చాయని అంటావేమో. రానీ. నువ్వు మాత్రం నిచ్చెన ఎక్కు. వాన పడుతున్నా, పై అధికారి గడియారం చూస్తున్నా ఎక్కు. ‘ఆలస్యమవుతోంది’ అని ఎవరైనా విసుక్కుంటే మా మామయ్య ఒప్పుకోడని చెప్పు.

వచ్చే వారం మీ అత్తయ్య సున్నిపిండి, కొబ్బరినూనె పంపుతోంది. ఆ వాసన సబ్బుతో అంత తేలిగ్గా పోదు.

మొదటి వ్యాగన్ దించిన రోజు ఎంత రాత్రయినా ఫోను చెయ్యి. పై సీసాలో ఏం కనిపించిందో చెప్పు.

నీ మామయ్య