సమాధానం: గేర్‌బాక్స్ మార్చకండి, ముందువైపు చక్రాలు విప్పి చూడండి

బెంగళూరు సర్జాపూర్ లేఅవుట్‌లో మీ గడ్డి కోసే మోవర్ (ఇంజిన్‌తో తనే ముందుకు నడిచేది) చదునులో నడుస్తూ ఎత్తు రాగానే ఆగిపోతోందని, చక్రాలను నడిపించే కేబుల్ కొత్తది వేసినా మారలేదని, మెకానిక్ గేర్‌బాక్సే మార్చాలంటున్నాడని రాశారు. తొందరపడకండి అండి, గేర్‌బాక్స్ అంత తేలిగ్గా పోదు.

ముందు స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకేయండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ముందువైపు చక్రాలు విప్పితే లోపల ప్లాస్టిక్ పళ్లు కనిపిస్తాయి, మన ఎర్రమట్టి ఇసుకలా రాసుకుని వాటిని అరగదీస్తుంది, పళ్లు మొన దేలి ఉంటే చక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం (పినియన్) రెండూ కలిపి మార్చాలి, ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్ని కూడా తినేస్తుంది. పినియన్లలో కుడి ఎడమ వేరు, తారుమారైతే బండి కదలదు. పినియన్ లోపల దాన్ని ఇరుసుతో కలిపే చిన్న లోహపు ముక్క (కీ) దగ్గర గ్రీజు దట్టించవద్దు, గడ్డి పొడి అంటుకుని కీ బిగుసుకుపోతుంది.

పళ్లు బాగుంటే ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌ను తిప్పే బెల్టు చూడండి. అంచులు అద్దంలా మెరుస్తుంటే జారుతున్నట్టే. ఎస్‌జేపీ రోడ్డులో అదే సైజు మామూలు వి-బెల్టు చవగ్గా దొరుకుతుంది కానీ వద్దు. చాలా మోవర్లలో బెల్టే క్లచ్ పని కూడా చేస్తుంది, ఆ రాపిడికి అరామిడ్ (కెవ్లార్ లాంటి గట్టి) దారంతో చేసినదే నిలుస్తుంది. మోవర్‌ను వాల్చేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ పైకే ఉండాలి, లేకపోతే ఆయిల్ అందులోకి దిగుతుంది.

పళ్ల ఫోటో ఒకటి పెట్టండి, చూసి చెప్తాను.