గొలుసు కవచానికి ఏ రింగులు మంచివి?

మధ్యయుగ యూరప్ యుద్ధాల పునఃప్రదర్శనకు గొలుసు చొక్కా కొనాలంటే రివెట్ కొట్టిన రింగులవే తీసుకోండి. తీగ కొసలు రెండూ చదును చేసి, ఒకదానిమీద ఒకటి పెట్టి, చిల్లు పొడిచి చిన్న మేకు దిగగొట్టేవారు. ఒక్కో రింగులో నాలుగు రింగులు దూరతాయి. కొసలు ఊరికే ఆనించి మూసిన రింగులు చవకే గానీ, గట్టిగా లాగినా, మొన గుచ్చుకున్నా నోరు తెరుస్తాయి. చంక దగ్గర ముందుగా ఊడేవి అవే.

లోపలి వ్యాసం 8, 9 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. మోకాళ్ల దాకా వచ్చే చొక్కా 10 కిలోల పైనే తూగుతుంది. వేసుకున్నాక నడుముకు బెల్టు బిగించి, పై భాగాన్ని కాస్త పైకి లాగి బెల్టు మీద వదలండి. భుజాల మీది బరువు చాలావరకు తుంటికి దిగుతుంది.

గొలుసు కోతను ఆపుతుంది, దెబ్బ అదురును ఆపదు. అందుకే లోపల గాంబెసన్, అంటే పొరలు పొరలుగా కుట్టిన మందపాటి బట్ట, తప్పనిసరి. కొలతలు అది తొడుక్కున్నాకే ఇవ్వండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: చొక్కా చంకలో పట్టేసి చెయ్యి పైకి లేవదు.

చెమట తగిలితే తుప్పు ఖాయం. పొడి ఇసుకతో సంచిలో వేసి దొర్లించి, దులిపి, పలచగా నూనె పట్టించండి.