పాతికేళ్లకే కీళ్లవాతం వస్తుందా?

వస్తుంది. ఇరవై, ముప్ఫై ఏళ్ల వాళ్లకూ కీళ్లవాతం రావచ్చు, కానీ ఆ వయసులో వచ్చే ప్రతి కీళ్ల నొప్పీ అదే కాదు.

పెద్దవయసులో ఎక్కువగా కనిపించేది కీళ్ల అరుగుదల. వయసులో ఉన్నవాళ్లకూ వచ్చే రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు. ఇందులో మన రోగనిరోధక శక్తే పొరపాటున కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, కీలు బిగుసుకుపోతుంది. ఆడవాళ్లలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ.

కోనసీమలో రోజంతా వంగి నాట్లు వేసిన అమ్మాయికి సాయంత్రానికి నడుము, మోకాళ్లు పీకుతాయి. రాత్రి పడుకుంటే తగ్గిపోతుంది, అది శ్రమ నొప్పి. అదే అమ్మాయి పొద్దున్నే లేచేసరికి రెండు చేతుల వేళ్లూ వాచి, ముగ్గుపిండి చిటికెడు కూడా పట్టుకోలేక, పనిలో పడి గంట గడిచాక గానీ వేళ్లు వదులు కాకపోతే మాత్రం అనుమానించాలి. ఆరు వారాలు దాటినా అలాగే ఉంటే తప్పకుండా డాక్టరుకు చూపించాలి. ఈమధ్య చికున్‌గున్యా వచ్చి ఉంటే అదీ చెప్పాలి, దాని నొప్పులు నెలల తరబడి ఉండొచ్చు.

ఈ జబ్బు కోసం చేసే రక్తపరీక్ష, ఆర్‌ఏ ఫ్యాక్టర్, నెగటివ్ వస్తే జబ్బు లేనట్టే అని చాలామంది ధీమాగా ఉండిపోతారు. అది తప్పు. జబ్బు ఉన్నా కొందరికి, ముఖ్యంగా మొదట్లో, నెగటివే వస్తుంది. నొప్పి బిళ్లలతో నెట్టుకొస్తే ఈలోగా ఎముక దెబ్బతింటుంది, ఆ నష్టం తిరిగి పూడదు. కీళ్లవాతం చూసే స్పెషలిస్టు, అంటే రుమటాలజిస్టు దగ్గరకు త్వరగా వెళితే మందులతో దాన్ని చాలావరకు ఆపొచ్చు.