హైవే పక్క ఇల్లు, అమ్మగారి జ్ఞాపకశక్తి

దేవరకొండ దగ్గరి పల్లెలో ఒంటరిగా ఉంటున్న మీ అమ్మగారిని, చిట్యాలలో 65వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న మీ ఇంటికి తీసుకువస్తే డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు) ముప్పు పెరుగుతుందా అని అడిగారు. కెనడాలోని ఒంటారియోలో జరిగి, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, పెద్ద రహదారికి 50 మీటర్ల లోపు నివసించేవారిలో ఈ వ్యాధి, 300 మీటర్ల అవతల ఉన్నవారితో పోలిస్తే, సుమారు 7 శాతం ఎక్కువగా కనిపించింది. రహదారే కారణమని దానితో తేలిపోలేదు. ఒక్క మనిషి విషయంలో ఆ తేడా చిన్నదే. తీసుకువస్తే, ఆమెకు రోడ్డుకు దూరంగా పెరటి వైపు గది ఇవ్వండి. పల్లె గాలి మంచిదనుకుంటున్నారు కానీ, ఆమె ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే వండుతారని మీరే రాశారు. ఆ పొగలోనూ లారీల పొగలో ఉండే సూక్ష్మ ధూళికణాలే ఉంటాయి.

నన్నడిగితే, అంతకంటే ముఖ్యంగా చూడవలసింది ఆమె పగలంతా ఎవరితో మాట్లాడతారన్నది. అదే పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం, లాన్సెట్ కమిషన్, 2024లో పేర్కొన్న 14 డిమెన్షియా ముప్పు కారణాలలో గాలి కాలుష్యంతో పాటు నలుగురితో కలవకపోవడం, వినికిడి లోపం, చూపు మందగించడం, శరీర శ్రమ లేకపోవడం, రక్తపోటు, షుగరు కూడా ఉన్నాయి. ఊళ్ళో అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవారంతా పలకరిస్తారు. మీ దంపతులిద్దరూ డ్యూటీకి వెళ్ళాక ఇక్కడ ఆమెకు మిగిలేది టీవీ ఒక్కటే అయితే, ఇల్లు మారడం వల్ల మేలుకంటే కీడే ఎక్కువ కావచ్చు. మనవల పేర్లు తడబడుతున్నారని కూడా రాశారు కాబట్టి, సామాను సర్దకముందే వైద్యునికి చూపించి, విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలతో పాటు వినికిడి పరీక్ష కూడా చేయించండి. ఈ లోపాల వల్ల కూడా మతిమరుపు లాంటి లక్షణాలు కనిపించవచ్చు.