పాస్టర్ ఫలానా పార్టీకి ఓటేయమంటే విశ్వాసులు వినాలా? మీ అనుభవం ఏమిటి?

వినక్కర్లేదు. అలా చెప్పడమూ తప్పే. సమాధానం ఇంతటితో అయిపోయేదే గానీ, ఆ తప్పులో నాకూ వాటా ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

గుంటూరు వైపు ఒక పల్లె మాది. మా సంఘానికి పదేళ్ల పైబడి ట్రెజరర్‌ని. మేం చర్చిని గుడి అంటాం, పాస్టర్‌ని అయ్యగారు అంటాం. తాతల నాటి నుంచీ అదే పిలుపు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ ఇళ్లకు పోతుంటే, చాప మీద కానుక సంచి బోర్లించి చిల్లర లెక్కపెట్టడం నా పని.

2019లో పోలింగ్ ఏప్రిల్ 11న. దానికి రెండు నెలల ముందు మాట. మా గుడికి ఉత్తరం వైపు ప్రహరీ కూలి అప్పటికే మూడేళ్లు. ప్రసంగం నడుస్తుంటే మేకలు వచ్చి మెట్ల మీద నిలబడేవి. ఒక అభ్యర్థి తాలూకు మనుషులు వచ్చి "ఏం కావాలన్నా మీకు?" అని అడిగారు. గోడ అన్నాను. "మీ గుళ్లో ఎన్ని ఓట్లుంటాయి?" అన్నారు. నూట ఎనభై అన్నాను. మెంబర్ల రిజిస్టరు కూడా నా దగ్గరే ఉంటుంది మరి, తడుముకోవాల్సిన పని లేకపోయింది. వారం తిరక్కుండా ఇటుక దిగింది.

అయ్యగారు పార్టీ పేరు ఎత్తలేదు. ప్రకటనలు చదివేటప్పుడు "మన మేలు కోరినవారిని మనం మరచిపోకూడదు" అన్నారు, అంతే. చిన్నపిల్లలకి కూడా అర్థమైంది. నాకు తమ్ముడి వరసయ్యే ఒకతను అవతలి పార్టీకి బూత్ ఏజెంటు. అతనికి ఇంకా బాగా అర్థమైంది. ఆ తర్వాతి ఆదివారం నుంచి గుళ్లోకి రావడం మానేశాడు. భార్యాపిల్లల్ని బండి మీద తెచ్చి దించేవాడు. ఆరాధన అయ్యేదాకా బయటే, మేం కొత్తగా కట్టించిన గోడకి అవతల, బండి మీద కూర్చుని ఫోన్ చూసుకునేవాడు. బల్ల తీసుకునే (ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచుకునే) ఆదివారం కూడా లోపలికి రాలేదు. సంచి తిప్పుతూ కిటికీ దగ్గరికి వచ్చినప్పుడల్లా అతని వీపు కనబడేది నాకు.

చట్టం ఏమంటుందో ఆ తర్వాతే చదివాను. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 123వ సెక్షన్ ఉంది. మతం పేరు చెప్పి అభ్యర్థి గానీ, అతని సమ్మతితో ఇంకొకరు గానీ ఓటు అడిగితే అది అవినీతి కిందికి వస్తుంది, ఆ ఎన్నికే రద్దు కావచ్చు. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం నాలుగు–మూడు తేడాతో దీన్ని ఇంకా బిగించింది: అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని చూపించి అడిగినా తప్పే. గుడి, మసీదు, చర్చి దేన్నీ ప్రచార వేదిక చేయకూడదని ఎన్నికల నియమావళి చెబుతుంది. అదే 123లో ఇంకో మాట ఉంది, అది చదివినప్పుడు మాత్రం ఉలిక్కిపడ్డాను. ఇలా ఓటేయకపోతే దేవుడి ఆగ్రహం తగులుతుందని ఓటరును నమ్మించడం కూడా నేరమట. మా వైపు ఉపవాస కూటాల్లో ఆ ధోరణి మాటలు ఎన్ని విన్నానో లెక్కలేదు.

అయితే విశ్వాసం వేరు, ఓటు వేరు అని గిరి గీసుకుని కూర్చోమనడం నా ఉద్దేశం కాదు. అలా కూర్చోగలిగే పరిస్థితి మాకు లేదు కూడా. మా గుళ్లో చాలామందికి బడి రికార్డులో ఒక పేరు, బాప్తిస్మం నాటి పేరు ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ హోదా ఇచ్చారు గానీ మాకు లేదు. ఆంధ్రలో మమ్మల్ని బీసీల్లో సి గ్రూపులో పెట్టారు, దానికి ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. 2023 మార్చిలో మన అసెంబ్లీ ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది, మార్చాల్సింది మాత్రం కేంద్రం. పిల్లాడి కాలేజీ సీటు దగ్గర నుంచి పెద్దాయన్ని పాతిపెట్టే స్థలం దాకా అన్నీ ఏదో ఒక జీవోతో ముడిపడి ఉన్నప్పుడు రాజకీయం మాకు పట్టదని ఎలా అంటాం?

2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు ఒకటిన్నర శాతం కూడా లేరు. అయినా ఎన్నికలొస్తే అందరూ "క్రైస్తవుల ఓట్లు" అంటూ గంపగుత్తగా మాట్లాడతారు. ఆ గంప ఎత్తి ఇచ్చేది నాలాంటి పెద్దలే. ఇక్కడ నాకు దోర్నకల్ బిషప్ అజరయ్య గుర్తొస్తారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన. బ్రిటిష్ వాళ్లు క్రైస్తవులకి విడిగా నియోజకవర్గాలు ఇస్తామంటే ఆయన వద్దన్నారు. మన వాళ్లకి నాలుగు సీట్లు వస్తాయంటే ఎవరైనా వద్దంటారా? ఆయన వద్దనే అన్నారు. 1935 చట్టంలో ఆ సీట్లు వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభలో మైనారిటీల రిజర్వుడు సీట్లు వదులుకుందామన్నప్పుడు ముందు నిలబడిన వాళ్లలో హెచ్.సి. ముఖర్జీ ఒకరు. సభ ఉపాధ్యక్షుడు, ఆయనా క్రైస్తవుడే. అంత పెద్దవాళ్లు సీట్లే వదిలేస్తే, నేను ఓ ఇటుక లారీకి నూట ఎనభై ఓట్లు అప్పజెప్పాను. ఓట్లు నావేమీ కావు, అదొకటి.

"మనవాడు" అనే మాట గురించి కూడా చెప్పాలి. 2019లో ముఖ్యమంత్రి క్రైస్తవుడైతే నాకూ లోపల సంతోషం వేసింది, దాచను. తర్వాత పాస్టర్లకి నెలకు 5,000 గౌరవ వేతనం వచ్చింది. అర్చకులకీ ఇమాములకీ ఇస్తున్నప్పుడు పాస్టర్లకి ఇవ్వడం తప్పని నేను అనను. మా అయ్యగారి బండి వాయిదా దాంతోనే కట్టేవాళ్లు, ఆయనకి మేమిచ్చే జీతం ఏపాటిదో నా పుస్తకంలోనే ఉంది. కాకపోతే ఆ డబ్బు తీసుకుంటూ ఏలేవాణ్ణి నిలదీయడం కష్టం. నాతాను ప్రవక్త దావీదు రాజు చేసిన తప్పు ఎత్తి, ముఖం మీదే "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. నాతానుకి దావీదు దగ్గర నుంచి నెలనెలా ఏమైనా ముడుతుంటే ఆ మాట నోటికి వచ్చేదా అని నా అనుమానం.

2024లో సంగతి ఇంకో రకం. అంతకు ముందు ఏడాది మే నుంచి మణిపూర్‌లో కాలిపోతున్న చర్చిల వీడియోలు మా యవ్వనస్తుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్నాయి. ఇటు చూస్తే తెలుగుదేశం, జనసేన బీజేపీతో కలిశాయి. చంద్రబాబు పాలన కావాలనుకునే మా వాళ్లకి ఆ పొత్తు మింగుడు పడలేదు. ఉన్న ప్రభుత్వం మీద రోడ్ల గురించీ ఉద్యోగాల గురించీ మండిపడుతున్న కుర్రాళ్లేమో "మణిపూర్ పేరు చెప్పి మమ్మల్ని భయపెట్టకండి" అన్నారు. ఇంట్లో ఇంట్లోనే మాటలు ఆగిపోయాయి. మా ఆవిడకీ నాకూ వారం రోజులు టెన్షనే. ఏ పార్టీ విషయంలోనో అడక్కండి.

ఈసారి కమిటీలో ముందే ఒక తీర్మానం రాసుకున్నాం. ఏ అభ్యర్థి వచ్చినా బెంచీ మీద కూర్చోవచ్చు, అందరితో పాటు ప్రార్థన చేస్తాం, మైకు మాత్రం ఇవ్వం. ఇద్దరు వచ్చారు. ఒకాయన కూర్చున్నాడు. రెండో ఆయన మైకు లేదంటే గుమ్మంలోంచే దండం పెట్టి వెళ్లిపోయాడు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం అయ్యగారు న్యాయాధిపతుల గ్రంథంలోంచి యోతాము చెప్పిన చెట్ల కథ తీసుకున్నారు. చెట్లన్నీ రాజు కోసం బయల్దేరతాయి. ఒలీవ చెట్టు నా పని నాకుందంటుంది, అంజూరం అంతే, ద్రాక్ష అంతే. చివరికి ముండ్లపొద ఒప్పుకుని, రండి, నా నీడలో కూర్చోండి అంటుంది. ముండ్లపొదకి నీడేమిటని వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఏ పార్టీ వాళ్లు ఆ పార్టీ వాళ్లు అది అవతలి వాళ్ల గురించే అనుకుని సంతోషంగా ఇంటికెళ్లారు.

ఫలితాలు వచ్చాక జూన్ 9న మొదటి ఆదివారం. 175లో 164 కూటమికి పోయాయి. గుళ్లో సగం ముఖాలు వెలిగిపోతున్నాయి, సగం వేలాడిపోతున్నాయి. అయ్యగారు కాబోయే ముఖ్యమంత్రి పేరు చెప్పి ప్రార్థన చేశారు, ఓడినాయన పేరు కూడా చెప్పారు. ఒకావిడ లేచి బయటికి వెళ్లిపోయింది. రాజుల కోసం ప్రార్థించమని పౌలు తిమోతికి రాశాడని అయ్యగారు ఆమెకి సర్దిచెప్పబోయారు. "ఏ రాజయ్యా?" అని ఆమె. పై అధికారులకు లోబడమని అదే పౌలు రోమీయులకి రాసినప్పుడు గద్దె మీద ఉన్నది క్రైస్తవుల్ని హింసించిన నీరో చక్రవర్తి. ఆ సంగతి ఆవిడకి చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది.

మైకు ఆపాం గానీ సంచిని ఆపలేకపోయాం. పోలింగ్ మే 13, సోమవారం. ప్రచారం శనివారం సాయంత్రమే బంద్. ఆ రాత్రి మా వీధిలో డబ్బు పంచారు, ఓటుకి రెండు వేలు. పంచేవాళ్లు మా వాళ్లని చూసి, ఓటు తమకేనని బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పమన్నారట. మా పెద్దమ్మ ఒకావిడ ఉంది, డెబ్బై దాటింది. "ఒట్టే పెట్టుకోవద్దన్నాడురా ప్రభువు, మత్తయి అయిదులో ఉంది, చూసుకో" అందట. చెప్పి, డబ్బు తీసుకుని, తలుపేసుకుంది.

తెల్లారితే ఆదివారం. మదర్స్ డే కూడా. ఆరాధన అయ్యాక ఎప్పట్లాగే సంచి బోర్లించాను. మామూలుగా పదులూ ఇరవైలూ, నాలుగైదు వందలు, మొత్తం మూడు వేల పైన ఉంటుంది. ఆ రోజు ఇరవై ఒక్క అయిదు వందల నోట్లు పడ్డాయి. మడత పడని కొత్త నోట్లు, కొన్నింటి నెంబర్లు వరసలో ఉన్నాయి. నాతో లెక్కపెడుతున్న కుర్రాడు వాటి వంక చూసి, నా వంక చూసి, "మదర్స్ డే కదన్నా" అన్నాడు. మొత్తం 13,650. ఒక దశమభాగం కవరు కూడా వచ్చింది. పైన పెద్దమ్మ పేరు, లోపల రెండు వంద నోట్లు. సాయంత్రం వెళ్లి అడిగాను.

"పెద్దమ్మా, ఈ రెండు వందలు ఎక్కడివి?"

"నీకు తెలీదా?"

"తెలిసే అడుగుతున్నా."

"వచ్చినదాంట్లో పదో వంతు ఆయనది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకి చెప్పుకున్నాలే. నువ్వు లెక్క రాసుకో."

మంగళవారం రాత్రి కమిటీ కూర్చుంది. యేసుని పట్టిచ్చినందుకు ముట్టి, తర్వాత యూదా విసిరేసిన ముప్పై వెండి నాణేలు యాజకులు కానుకల పెట్టెలో వేయలేదు, అది రక్తపు సొమ్మన్నారు, వాటితో కుమ్మరివాని పొలం కొని పరదేశుల్ని పాతిపెట్టడానికి వాడారు. ఒకాయన అది ఎత్తగానే ఇంకొకాయన "మనకీ ఇప్పుడు కావాల్సింది అదేగా" అన్నాడు. నిజమే. మా వాళ్లని పాతిపెట్టడానికి చోటు లేదు. చెరువు కట్ట పక్కన ఉన్న కాస్త జాగాలో పాత సమాధుల మీదే కొత్తవి తవ్వుతున్నాం. ఎవరూ నవ్వలేదు. చివరికి ఆ అయిదు వందల నోట్లూ, పెద్దమ్మ కవరూ విడిగా కట్టి "స్మశాన స్థలం" అని రాసి బీరువాలో పెట్టాం. అది సరైన పనేనా అంటే, రెండేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను.

తమ్ముడి గురించి అడుగుతారేమో. 2024లో వాళ్ల పార్టీ గెలిచింది. ఆ క్రిస్మస్‌కి లోపలికి వచ్చాడు, వెనక బెంచీ. నేను క్షమాపణ చెప్పాను. "గోడ బాగానే కట్టించావ్‌లే అన్నా" అన్నాడు. అది క్షమించడమో, దెప్పడమో నాకింకా తేలలేదు.

మొన్న పంచాయతీ ఎన్నికల మాట మీద ఒకతను ఇంటికొచ్చాడు. స్మశానానికి అరెకరం ఇప్పించే పూచీ తనదన్నాడు. కాఫీ తాగుతూ, "మీ గుళ్లో ఎన్ని ఓట్లుంటాయన్నా?" అన్నాడు.

ఓటర్ల జాబితా బూత్ స్థాయి అధికారి, అదే బీఎల్‌ఓ దగ్గర ఉంటుందండీ, అక్కడ కనుక్కోండి అన్నాను.